మాటపట్టు, మందులపెట్టె: గుంటూరు జె.ఎం.జె. మఠం కథ

గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లను ఎక్కడ పుట్టారని అడిగితే చాలామంది ఊరి పేరు చెప్పరు, ఆసుపత్రి పేరు చెబుతారు. ఒకరు కుగ్లర్‌లో పుట్టామంటారు, ఇంకొకరు సెయింట్ జోసెఫ్స్‌లో అంటారు. మొదటిది లూథరన్ మిషన్‌ది. రెండోది కేథలిక్ మఠకన్యలది. ఆ సిస్టర్ల పేర్ల చివర జె.ఎం.జె. అనే మూడు పొడి అక్షరాలు ఉంటాయి. జీసస్, మేరీ, జోసఫ్. తెలుగు కేథలిక్కుల నోట అయితే యేసు, మరియమ్మ, జోజప్ప. ఆ మూడక్షరాలు నెదర్లాండ్స్ నుంచి గుంటూరుకు వచ్చింది 1904లో.

మిషనరీ సంస్థల గురించి మన దగ్గర రెండు రకాల రాతలే ఎక్కువ. జూబిలీ సంచికల్లో త్యాగం, సేవ అనే మాటలు పేజీలకు పేజీలు నిండుతాయి. మరోవైపు అంతా విదేశీ డబ్బు, మతమార్పిడి అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఈ రెంటిలోనూ అసలు ప్రశ్నకు చోటుండదు. ఆ ఇల్లు నూరేళ్లకు పైగా ఎలా నడిచింది? ఆసుపత్రి కట్టాలంటే డబ్బు కావాలి, నిజమే. కానీ అర్ధరాత్రి కాన్పుకు లేచి వచ్చే మనిషి తరం తర్వాత తరం దొరకాలంటే డబ్బు ఒక్కటే చాలదు. గుంటూరు మఠాన్ని నిలబెట్టింది మాటపట్టు, అంటే దేవుడి ఎదుట చేసే ప్రతిజ్ఞ, మీద నడిచే ఒక జీవన పద్ధతి. దానికి మొదట్లో అడ్డం పడింది కూడా బయటివాళ్లు కాదు, సొంత మతచట్టమే. ఈ రెండూ కలిపి చూస్తేనే ఈ మఠం కథ అర్థమవుతుంది.

మఠం రావడానికి ముందు ఇక్కడ ఏముందో కొంచెం చెప్పుకోవాలి. గుంటూరు సీమలో కేథలిక్కులు 18వ శతాబ్దం నుంచే ఉన్నారు. ఫ్రెంచి జెస్విట్ల (యేసుసభ సన్యాసుల) కర్నాటక మిషన్‌లో రాయలసీమ వైపు క్రైస్తవంలోకి వచ్చిన రెడ్డి, కమ్మ కుటుంబాలు యుద్ధాలకూ కరువులకూ తట్టుకోలేక తూర్పుకు తరలివచ్చాయి. ఫిరంగిపురం లాంటి ఊళ్లు అలా కేథలిక్ ఊళ్లయ్యాయి. 1773లో పోపు జెస్విట్ సభనే రద్దు చేయడంతో ఈ విశ్వాసులకు చాలాకాలం సరైన ఆలనాపాలనా లేకుండా పోయింది. దళిత కుటుంబాలు పెద్ద సంఖ్యలో చేరింది ఆ తర్వాతి కాలంలో, 19వ శతాబ్దం రెండో సగంలో.

1875లో మద్రాసుకు మిల్‌హిల్ మిషనరీలు వచ్చారు. లండన్ శివారు మిల్‌హిల్‌లో 1866లో హెర్బర్ట్ వాన్ స్థాపించిన సంఘం వాళ్లది. పేరు ఇంగ్లీషుదే అయినా అందులో డచ్ గురువులు (ఫాదర్లు) బాగా ఉండేవారు. కృష్ణకు దక్షిణంగా మద్రాసు పరిధిలోని తెలుగు జిల్లాలు వీళ్ల చేతికి వచ్చాయి. నదికి ఉత్తరాన బెజవాడ, బందరు వైపు మిలాన్ నుంచి వచ్చిన ఇటాలియన్ గురువులు పనిచేశారు. ఇంకా ఉత్తరాన విశాఖ వైపు ఫ్రాన్స్‌లోని సవాయ్ ప్రాంతం నుంచి వచ్చిన ఫ్రాన్సలియన్ గురువులు. కృష్ణ దాటితే గురువుగారి మాతృభాషే మారిపోయేదన్నమాట. బెజవాడ పాత సంస్థల్లో ఇటాలియన్ పేర్లు, గుంటూరు పాత సంస్థల్లో డచ్, ఇంగ్లీషు పేర్లు కనిపించడానికి కారణం ఇదే.

మిల్‌హిల్ గురువులు గుళ్లు కట్టారు, బళ్లు పెట్టారు. ఫిరంగిపురంలో థియోడర్ డీక్‌మన్ కట్టించిన పెద్ద గుడి ఈనాటికీ యాత్రాస్థలమే. అయితే మగ గురువుకు ఒక హద్దు ఉంది. ఇంటి పంచ దాకా వస్తాడు, వంటింటి గడప దాటలేడు. ఆడపిల్లల చదువు, బాలింతల ఆరోగ్యం ఆ గడప లోపలి విషయాలు. వాటికి ఆడవాళ్లే కావాలి. జె.ఎం.జె. సిస్టర్ల రాకకు మూలమైన అవసరం ఇది. కృష్ణా, నెల్లూరు జిల్లాల నుంచి కొంత కొంత తీసి గుంటూరును మళ్లీ ప్రత్యేక జిల్లా చేసింది కూడా 1904లోనే. జిల్లా కేంద్రంగా ఊరు పెరగడం మొదలైన ఏడాదే మఠం కూడా మొదలైంది.

జె.ఎం.జె. సభను 1822లో మథియాస్ వోల్ఫ్ అనే జెస్విట్ గురువు స్థాపించాడు. ప్రొటెస్టెంట్ రాజరికం కింద ఉన్న నెదర్లాండ్స్‌లో కేథలిక్ ఆడపిల్లల చదువు కోసం పుట్టిన సభ అది. 1898లో ఇప్పటి ఇండోనేసియాకు, ఆరేళ్లకు గుంటూరుకు వచ్చింది. పుట్టుక చూస్తే ఇది టీచర్ల సభ. ఆసుపత్రులకు పేరు తెచ్చుకోవడం తర్వాతి సంగతి, ఆ మలుపు తిరిగింది గుంటూరులోనే.

ఇక్కడ కొంచెం ఆగి మఠం అంటే ఏమిటో చూడాలి. గుంటూరులో చదువుకున్నవాళ్లు కూడా 'అవన్నీ బిషప్‌గారి ఆస్తులే కదా' అంటుంటారు. అది పొరపాటు. కేథలిక్ చట్టంలో మేత్రాసనం (డయోసీస్) వేరు, మఠ సభ వేరు. మేత్రాసనం బిషప్‌ది. విచారణ (పారిష్) గుళ్లు, విచారణ బళ్లు దాని కిందికి వస్తాయి. జె.ఎం.జె. లాంటి అంతర్జాతీయ సభ తన అంతర్గత వ్యవహారాలకు నేరుగా రోముకు జవాబుదారీ. బిషప్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అతని పరిధిలో కొత్త మఠం తెరవాలి. తెరిచాక ఆ ఇంటికి ఒక పెద్ద సిస్టర్ ఉండాలి, లోపల ఒక చిన్న ప్రార్థనాలయం ఉండాలి. ఇవి చట్టం చెప్పే షరతులు. ఇల్లు సభది, దాని మంచిచెడ్డలు సభవి. మఠాల పైన ప్రావిన్సు, ప్రావిన్సుల పైన సభ పెద్దలు.

ఆ ఇంట్లో అడుగుపెట్టే యువతి కొన్నేళ్ల శిక్షణ తర్వాత మూడు మాటపట్లు చేస్తుంది. బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత. బయటివాళ్ల దృష్టి ఎప్పుడూ మొదటిదాని మీదే ఉంటుంది. సంస్థలు నడిచేది మాత్రం మిగతా రెంటి మీద. పేదరికమంటే సంపాదన తనది కాదు, ఇంటిది. విధేయతంటే పొమ్మన్న చోటికి పోవాలి. గుంటూరులో పదిహేనేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న సిస్టర్‌కు ఒకరోజు బదిలీ కాగితం వస్తుంది. ఆమె బట్టలు, జపమాల, ప్రార్థన పుస్తకాలు ఒక పెట్టెలో పడతాయి. మరుసటి వారం ఇంకో ఊళ్లో, బహుశా ఇంకో సిస్టర్ చేతికింద, పిల్లల హాస్టల్ చూసుకుంటూ ఉంటుంది. గది తాళం ఇచ్చి వెళ్లాక ఆ గదిలో ఆమెదంటూ ఏమీ మిగలదు. ఏ కంపెనీ ఉద్యోగి దగ్గరా, ఏ ప్రభుత్వ ఉద్యోగి దగ్గరా ఈ రకమైన సౌలభ్యం యాజమాన్యానికి దొరకదు. సంస్థ ఒక మనిషి సొత్తు కాకుండా, వారసుల తగాదాలో పడకుండా ఉండడానికి ఇదే కారణం. మన ఊళ్లలో దాతలు కట్టించిన ఆసుపత్రులు రెండో తరానికే కోర్టు మెట్లెక్కడం చూసినవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇంత పద్ధతైన ఏర్పాటుకు వైద్యం విషయంలో మాత్రం చేతులు కట్టేసి ఉన్నాయి.

కట్టేసింది రోము చట్టం. దాని మూలాలు చాలా వెనక్కి పోతాయి. 12వ శతాబ్దంలోనే సన్యాసులు డబ్బు కోసం వైద్యం నేర్చుకోవడాన్ని చర్చి సభలు నిషేధించాయి. 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ గురువులు కత్తిపెట్టి కోయడం, కాల్చడం లాంటి శస్త్రచికిత్సలు చేయరాదంది. రోగి చనిపోతే ఆ రక్తం గురువు చేతికి అంటుతుందనే భయం ఒకటి, లోకవ్యాపారంలో మునిగిపోతారనే అనుమానం మరొకటి. 1917లో తొలిసారి క్రోడీకరించిన కేథలిక్ చర్చి చట్టం రోము ప్రత్యేక అనుమతి లేకుండా గురువులు వైద్యం చేయకూడదని చెప్పి, అదే నిషేధాన్ని మఠవాసులకూ వర్తింపజేసింది. కాన్పుల సంగతైతే మరీ కష్టం. బ్రహ్మచర్యం మాటపట్టు చేసిన కన్య పురిటి మంచం దగ్గర నిలబడకూడదన్నది అప్పటి రోము అధికారుల ఆలోచన.

ఐరోపా నగరంలో ఈ నిషేధం వల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. అక్కడ మఠకన్య చేయకపోతే వేరే డాక్టరు, వేరే మంత్రసాని ఉన్నారు. గుంటూరులో అది ప్రాణాల మీదికి వచ్చే నిషేధం. 1910ల నాటి పల్లెలో పురుడు మంత్రసాని చేతిమీద జరిగేది. ఎన్నో కాన్పులు చూసిన అనుభవం ఆమెది. బిడ్డ అడ్డం తిరిగితే మాత్రం ఆమె దగ్గరా ఉపాయం లేదు. గూడుబండి కట్టి పట్నం తీసుకురావాలి. వచ్చాక మగ డాక్టరు ముట్టుకోవడానికి ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోని ఇళ్లే ఎక్కువ. గుంటూరులో ఈ కొరత మొదట గుర్తించి పని మొదలుపెట్టింది అమెరికన్ లూథరన్ మిషన్. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898 నాటికి ఆడవాళ్ల ఆసుపత్రి నిలబెట్టింది. ప్రొటెస్టెంట్లకు మఠాల చట్టం లేదు. పెళ్లికాని లేడీ డాక్టరును మిషనరీగా పంపడానికి వాళ్లకు ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. కేథలిక్కుల దగ్గర సిస్టర్లు ఉన్నారు, మందులు ఉన్నాయి, జబ్బుపడ్డ ఆడవాళ్లు గుమ్మంలోనే ఉన్నారు. సిస్టర్ డాక్టరు కావడానికి మాత్రం దారి లేదు.

ఈ దారి కోసం తొలుత పోరాడిన మనిషి ఆగ్నెస్ మెక్లారెన్. స్కాట్లండ్‌కు చెందిన డాక్టరు, నడివయసు దాటాక కేథలిక్‌గా మారింది. ఇప్పటి పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి పెట్టించి, అక్కడ పనిచేయడానికి మఠకన్యలకు వైద్యం చదివే అనుమతి ఇవ్వమని రోమును పలుమార్లు అడిగింది. అనుమతి రాకుండానే 1913లో కన్నుమూసింది. ఆమె గురించిన ఒక చిన్న కరపత్రం 1915లో ఆస్ట్రేలియాలో ఒక యువ డాక్టరు చేతికి చిక్కింది. ఆ కరపత్రమే గుంటూరు మఠం దశ మార్చింది.

ఆ డాక్టరు పేరు మేరీ గ్లౌరీ. 1887లో విక్టోరియా రాష్ట్రంలోని బిర్రెగుర్రా అనే చిన్న ఊళ్లో, ఐరిష్ మూలాలున్న కుటుంబంలో పుట్టింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 1910లో వైద్యపట్టా తీసుకుంది. మెల్‌బోర్న్‌లో డాక్టర్ల వీధిగా పేరున్న కాలిన్స్ స్ట్రీట్‌లో సొంత ప్రాక్టీసు, కళ్లూ చెవుల ఆసుపత్రిలో కొలువు, 1916లో మొదలైన కేథలిక్ మహిళల సంఘానికి తొలి అధ్యక్ష పదవి. కూర్చుని తినగల జీవితం. కరపత్రం చదివాక ఇండియా వెళ్లాలని నిశ్చయించుకుంది. వెళ్లే ముందు చేసిన పని చూస్తే ఆమె తీరు తెలుస్తుంది. తొందరపడి ఓడ ఎక్కలేదు. ప్రసూతి, స్త్రీవ్యాధులు, కంటి వైద్యం ప్రధానంగా చదివి 1919లో ఎం.డి. పూర్తి చేసింది. గుంటూరు లాంటి చోట ఏ జబ్బులు ఎదురవుతాయో లెక్కవేసుకుని చదివినట్టుంది ఆ ఎంపిక. పురుడు, కళ్లు. అప్పటి పల్లె ఆడవాళ్ల బాధల్లో సగం ఆ రెంట్లోనే ఉండేవి.

1920 ఫిబ్రవరి 12న ఆమె గుంటూరు చేరింది. జె.ఎం.జె. సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్ అనే మఠనామం తీసుకుంది. పేరు మారింది కానీ చిక్కు అలాగే ఉంది. మాటపట్టు చేస్తే డాక్టరు పని మానాలి, డాక్టరు పని చేయాలంటే మఠం మానాలి. పోపు 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతితో ఆ ముడి విడిపోయింది. మఠకన్యగా ఉంటూనే వైద్యం చేయడానికి అనుమతి పొందిన తొలి డాక్టరుగా చర్చి చరిత్రలో ఆమె పేరు నిలిచింది. చట్టం మారలేదు, గుంటూరు కోసం ఒక్క మనిషికి సడలింపు ఇచ్చారు. చట్టం మారడానికి ఇంకా 16 ఏళ్లు పట్టింది.

ఈ తేడా ఎంత పెద్దదో చూడాలంటే అన్నా డెంగెల్ కథ పక్కన పెట్టి చూడాలి. ఆస్ట్రియా నుంచి వచ్చి మెక్లారెన్ పెట్టించిన రావల్పిండి ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు ఆమె. 1925లో అమెరికాలో మెడికల్ మిషన్ సిస్టర్స్ అనే సంఘం స్థాపించింది. వాళ్లు సిస్టర్లలాగే బతికారు, కానీ చట్టం ప్రకారం బహిరంగంగా మాటపట్టు చేయలేకపోయారు, ఎందుకంటే వాళ్ల పనే వైద్యం. 1936 ఫిబ్రవరి 11న రోము ఒక ఆదేశం జారీ చేసి, మిషన్ ప్రాంతాల్లో మఠకన్యలు వైద్యం, ప్రసూతి సేవలు నేర్చుకోవచ్చు, చేయవచ్చు అంది. అప్పుడు గానీ వాళ్లకు దారి దొరకలేదు. డెంగెల్ చట్టం బయట నిలబడి ఎదురుచూసింది. గ్లౌరీ చట్టం లోపల మినహాయింపుగా పనిచేసింది. ఈ నిషేధం ఇండియాలో ఆడవాళ్ల ప్రాణాలు తీస్తోందని రోముకు నచ్చచెప్పడానికి వాదనల కన్నా ఇలాంటి వాళ్లు ఏళ్ల తరబడి చేసి చూపించిన పనే ఎక్కువ ఉపయోగపడి ఉంటుంది.

గుంటూరులో ఆ పని ఎలా సాగిందో చూద్దాం. సిస్టర్లు నడుపుతున్న మందులశాల చిన్నది. డాక్టరు ఒక్కతే, చాలా ఏళ్ల పాటు ఒక్కతే. వచ్చే రోగులకు లెక్క లేదు. ఇంత రద్దీలో ఒక మంచి డాక్టరు చేయగలిగింది రెండు పనుల్లో ఒకటి. తానే రాత్రింబగళ్లు చూసి అలసిపోవడం, లేదా తన పనిని ముక్కలు చేసి పదిమందికి నేర్పడం. ఆమె రెండూ చేసింది. గాయం కడగడం, కట్టు కట్టడం, కళ్లలో మందు వేయడం, మందు కలపడం, మామూలు కాన్పు చేయడం, ఏ కాన్పు మామూలుది కాదో గుర్తుపట్టడం నేర్పింది. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మంత్రసాని చేతిలో చిక్కుపడ్డ కాన్పు ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమై తల్లులు పోయేవారు. ఎప్పుడు బండి కట్టాలో తెలిసిన నర్సు ఊళ్లో ఒకతె ఉంటే ఆ ఆలస్యం తగ్గుతుంది. కాంపౌండర్లు, మిడ్‌వైఫ్‌లు, నర్సులు ఆ మఠం ఆవరణలో తయారయ్యారు. మందులశాల సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిగా పెరిగింది. ఈనాడు దానితో పాటు నర్సింగ్ కాలేజీ ఉంది. ఆమె దేశీయ మూలికల మీద కూడా శ్రద్ధ పెట్టింది. ఓడలో రావలసిన మందు కోసం రోగి ఆగలేడు కాబట్టి అది అవసరమైన శ్రద్ధే.

ఈ శిక్షణ మన ఇళ్లలో తెచ్చిన మార్పు ఆసుపత్రి లెక్కల్లో కనిపించదు. జీతం తెచ్చే ఆడపిల్ల అనే మాట గుంటూరు దళిత క్రైస్తవ ఇళ్లలో మొదట వినిపించింది నర్సు ఉద్యోగంతో, టీచరు ఉద్యోగంతో. క్రైస్తవంలోకి మారిన దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా లేకుండా చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌కు పరిమితం. అలాంటి ఇళ్ల ఆడపిల్లలకు మఠం హాస్టలు, నర్సింగ్ సీటు అక్షరాలా బతుకుదెరువు. అలాగని మఠం గేటు దగ్గర కులం ఆగిపోయిందని చెప్పలేం. రెడ్డి కేథలిక్కులు, కమ్మ కేథలిక్కులు, దళిత కేథలిక్కులు అన్న మాటలు ఈనాటికీ విచారణల్లో వాడుకలో ఉన్నాయి. ఈ విషయం మీద జూబిలీ సంచికలు నోరు విప్పాలి. అలాగే విదేశీ డాక్టరు పేరు పుస్తకాలకెక్కినంతగా, రాత్రిపూట ఆమె పక్కన లాంతరు పట్టుకుని నిలబడ్డ తెలుగు అమ్మాయిల పేర్లు కూడా ఎక్కాలి. వచ్చిన ఆడమనిషి ఏమంటోందో ఏ ఊరి యాసలో అంటోందో డాక్టరుకు తెలియజెప్పిన వాళ్లు లేకుండా ఆ ఆసుపత్రి ఒక్కరోజు కూడా నడిచి ఉండదు.

1943లో గుంటూరు మఠం నుంచి ఇంకో పెద్ద అడుగు పడింది. దేశమంతటా మఠకన్యలు నడిపే మందులశాలలు, ఆసుపత్రులు దేనికది విడివిడిగా పనిచేస్తున్నాయి. యుద్ధకాలం, మందుల కొరత, నర్సుల చదువుకు ఒక ప్రమాణం లేదు. మేరీ గ్లౌరీ చొరవతో కొద్దిమంది సిస్టర్లు కలిసి కేథలిక్ హాస్పిటల్ అసోసియేషన్‌ను ఏర్పాటు చేశారు. ఆమె తొలి అధ్యక్షురాలు. ఆనాడు వచ్చింది 16 మంది సిస్టర్లు. పేరులో కొంత మార్పుతో 'చాయ్' అనే పొట్టిపేరు మీద సికింద్రాబాద్ కేంద్రంగా ఈనాడు నడుస్తున్న ఆ సంఘంలో 3,500కు పైగా వైద్యసంస్థలు సభ్యులు. ప్రభుత్వం తర్వాత దేశంలో ఇంత విస్తారమైన వైద్య యంత్రాంగాలు చాలా అరుదు. ఒక మఠకన్య గుంటూరులో కూర్చుని ఇంత దూరం ఆలోచించడానికి అనుభవమే కారణం అనుకోవాలి. ఒంటరి డాక్టరు పడే కష్టమేమిటో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మన దేశంలో కేథలిక్ వైద్య కళాశాల ఒకటి రావాలన్న కోరిక కూడా ఆమెకు ఉండేది. బెంగుళూరు సెయింట్ జాన్స్ 1963లో మొదలైంది. అది చూడడానికి ఆమె లేదు. 1957 మే 5న బెంగుళూరులోనే కేన్సరుతో కన్నుమూసింది.

సభ మిగతా సంస్థల గురించి క్లుప్తంగా చాలు. గుంటూరులో బళ్లు, ఆడవాళ్ల బి.ఇడి. కాలేజీ, తెనాలిలో 1963లో పెట్టిన జె.ఎం.జె. మహిళా కళాశాల, హైదరాబాద్ సనత్‌నగర్‌లో సెయింట్ థెరిసాస్ ఆసుపత్రి. నదికి అవతల విజయవాడలో ఇదే కాలంలో వేరే సభలు వేరే దారి పట్టాయి. గుణదలలో ఇటాలియన్ గురువు అర్లాటి అనాథ పిల్లల సంస్థ పక్కన కొండమీద మరియమాత స్వరూపం నిలిపితే, ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే పెద్ద తిరునాళ్లకు అది నాంది అయింది. 1954లో జెస్విట్లు ఆంధ్ర లొయోలా కళాశాల నడపడం మొదలుపెట్టారు. 1962లో ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సిస్టర్లు మారిస్ స్టెల్లా కళాశాల పెట్టారు. విజయవాడకు చదువు, గుంటూరుకు వైద్యం అని గీత గీయడం సరికాదు గానీ, ఏ మఠం ఎక్కడ వేరుపట్టిందో చూస్తే ఊరి స్వభావం మీద దాని నీడ కనిపిస్తుంది.

డబ్బు సంగతి పూర్తిగా వదిలేస్తే ఈ విశ్లేషణ సగమే అవుతుంది. మొదటి దశాబ్దాల్లో సిస్టర్ల ఓడ ఖర్చుకూ భవనాలకూ ఐరోపా విరాళాలే ఆధారం. స్వాతంత్ర్యం తర్వాత లెక్క మారింది. ఎయిడెడ్ బళ్లు, కాలేజీల్లో పాఠం చెప్పే సిస్టర్‌కు మిగతా టీచర్లకు ఇచ్చినట్టే ప్రభుత్వం జీతం ఇస్తుంది. ఒకటో తారీఖున జీతం ఆమె పేరున పడుతుంది. అది మఠం ఉమ్మడి ఖాతాకు పోతుంది. ఆమెకు చెప్పులు కావాలన్నా, ఊరికి వెళ్లడానికి బస్సు చార్జీ కావాలన్నా మఠం లెక్కలు చూసే సిస్టర్‌ను అడగాలి. ఆ చిన్న అడగడంలో పేదరికం మాటపట్టు అంతా ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతం తెచ్చే మనిషి కొత్త చెప్పుల జతకు చీటీ రాసి ఇస్తుంది. ఆ మిగిలిన డబ్బే చిన్న ఊరి మందులశాలనూ, ముసలి సిస్టర్ల వైద్యాన్నీ, పేద పిల్లల హాస్టలునూ నడుపుతుంది.

సొంత ఆస్తి లేని మనిషికి ఆదాయపన్ను ఎలా అన్నది చాలాకాలం ఎవరూ వేయని ప్రశ్న. మాటపట్టు చేసిన మనిషి ఆస్తిహక్కుల వరకు లోకానికి చనిపోయినట్టే అని మఠాల వాదన. పాత సర్క్యులర్ల అండతో వీళ్ల జీతాల్లో టీడీఎస్ (జీతం ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోసేవారు కాదు. 2014 నుంచి ఆదాయపన్ను శాఖ కోయమంది. కేసు మద్రాసు హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి ప్రధాన అప్పీలు మారిస్ స్టెల్లా నడిపే ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సభ పేరునే ఉంది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు మఠాల అప్పీళ్లను కొట్టేసింది. జీతం మనిషి పేరున వస్తుంది, ఆ తర్వాత ఆ మనిషి దాన్ని ఎవరికి ఇచ్చుకున్నా పన్ను పన్నే అన్నది సారాంశం. చట్టం ప్రకారం ఈ తీర్పును తప్పుపట్టడం కష్టం. జీతం తీసుకునే ఎవరికైనా ఒకే సూత్రం ఉండాలి. అయితే దాని భారం పడేది మాత్రం ఆ సిస్టర్ జేబు మీద కాదు, ఆమెకు జేబు లేదు. పడేది ఉమ్మడి ఖాతా మీద, అంటే ఆ ఖాతా మోస్తున్న హాస్టలు పిల్లల మీద. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణలు కూడా అదే వైపు నుంచి బిగించాయి. విదేశీ డబ్బంతా ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలో పడాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, వచ్చిన నిధిని వేరే సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద ఆసుపత్రి తట్టుకుంటుంది. పల్లె మందులశాలకు గట్టి దెబ్బ.

అంతకన్నా లోతైన మార్పు మనుషుల విషయంలో వచ్చింది. నలుగురైదుగురు ఆడపిల్లలున్న ఇంట్లో ఒకరు మఠానికి వెళతానంటే తల్లి కన్నీళ్లతోనైనా పంపేది. ఇద్దరే పిల్లలున్న ఇంట్లో ఆ మాట అనడమే కష్టం. డచ్ సిస్టర్లు రావడం ఎప్పుడో ఆగింది. ఇప్పుడు సభలో అత్యధికులు ఇండియా, ఇండోనేసియాలవాళ్లే. నెదర్లాండ్స్‌లోని డెన్‌బాష్ నగరంలో మారియన్‌బుర్గ్ అనే పెద్ద మఠం ఒకప్పుడు ఈ సభకు తల్లి ఇల్లు. 2016 నుంచి అక్కడ డేటా సైన్స్ పాఠాలు జరుగుతున్నాయి, రెండు డచ్ విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతున్నాయి. గుంటూరు మఠంలో మాత్రం పొద్దున పూజకు గంట మోగుతుంది, పూజ అయ్యాక సిస్టర్లు వార్డులకూ తరగతులకూ వెళతారు.

2013లో మేరీ గ్లౌరీని దైవసేవకురాలిగా ప్రకటించారు. పునీతురాలి (సెయింట్) హోదాకు వెళ్లే దారిలో అది తొలి మెట్టు. ఆ పైమెట్లకు ఆమె జీవితాన్ని, రాతలను పరీక్షిస్తారు, ఆమె మధ్యవర్తిత్వంతో జరిగిన అద్భుతం రుజువు కావాలంటారు. ఆ అద్భుతం మామూలుగా జబ్బు నయం కావడమే. అది ప్రార్థన వల్ల అయిందని భక్తులు చెబితే చాలదు. రోము నియమించే డాక్టర్ల మండలి కూర్చుని, ఆ రోగం వైద్యానికి అందేది కాదని, వైద్యం వల్ల నయం కాలేదని తేల్చాలి. అందుకని భక్తుల సాక్ష్యంతో పాటు గట్టిగా అడిగేవి ఆసుపత్రి కాగితాలు. కేస్ షీటు, ఎక్స్‌రే, రక్తపరీక్షల రిపోర్టులు, కింద డాక్టరు సంతకం.